టార్చిలైటు పట్టుకునే ఉద్యోగం

మన ఇళ్ళల్లో మొగవాళ్ళు చేసే ఘనకార్యాలన్నిటికీ ఒక టార్చిలైటు కావాలి. దాన్ని పట్టుకోడానికి ఒక ఆడమనిషి కావాలి. ఫ్యూజు పోయినా, నీళ్ళ మోటారు ఆగినా వరస ఇదే. "ఇటు చూపించు... అబ్బ, అటు కాదు, ఇటు!" పని సవ్యంగా జరిగితే గొప్ప ఆయనది. స్క్రూ కాస్తా కింద పడిపోతే తప్పు టార్చిలైటుది!

ఇన్నాళ్ళూ దీన్ని నవ్వుతూ భరించాం. కాని ఇప్పుడు వ్యవహారం కారు ఇంజను దాకా వచ్చింది. ఫోనులో ఇరవై నిమిషాల వీడియో ఒకటి చూసి, "టైమింగ్ బెల్టు మార్చడం ఇంతేనా! వర్క్‌షాపుకి అన్ని వేలు దండగ. ఆదివారం మనమే మార్చేద్దాం" అంటున్నారు. ఆ 'మనమే'లో మన వాటా ఏవిటో వేరే చెప్పాలా?

ఈ ఉద్యోగానికి మనం రాజీనామా ఇవ్వాలంటాను నేను. అంటే లోపలికెళ్ళి టీవీ ముందు కూచోమని కాదు. ఆ బెల్టు సంగతేమిటో తెలుసుకుని, పని మొదలెట్టాలా వద్దా అనే నిర్ణయంలో సగం మనం తీసుకోవాలి. కారు కొన్నది ఇంటి డబ్బుతో. అందులో తిరిగేది మన పిల్లలు.

"మీకర్థం కాదులే" అంటారు. ఎందుకర్థం కాదూ? కుట్టు మిషను తొక్కిన ఏ ఆడదానికైనా టైమింగంటే ఏమిటో తెలుసు. పైనుంచి సూది దిగుతుంది. కిందనుంచి షటిలు వచ్చి దారం అందుకుంటుంది. రెండూ ఒక లెక్కలో తిరిగినంతసేపూ కుట్టు ముత్యాల్లా పడుతుంది. లెక్క తప్పిందా, కుట్టు జారుతుంది. మరీ తప్పితే సూది వెళ్ళి షటిలుకి తగిలి ఠప్పున విరుగుతుంది.

కారులోనూ ఇంతే. కింద క్రాంక్ షాఫ్టు. అది పిస్టన్లతో పాటు తిరుగుతుంది. పైన క్యామ్ షాఫ్టు. వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలో, ఎప్పుడు మూసుకోవాలో చూసేది అది. కింది షాఫ్టు రెండు చుట్లు తిరిగితే పై షాఫ్టు సరిగ్గా ఒక్క చుట్టు తిరగాలి. ఆ లెక్క కాపాడేదే పళ్ళున్న ఈ రబ్బరు బెల్టు. అది తెగితే చాలా ఇంజన్లలో పిస్టన్లు వెళ్ళి, తెరుచుకుని ఉన్న వాల్వులను గుద్దుతాయి. సూది విరిగితే కొత్త సూది తెచ్చుకుంటాం. వాల్వులు వంగితే ఇంజను విప్పాల్సిందే!

"మా నాన్నగారి అంబాసిడర్‌కి ఈ గొడవ లేదే" అంటారు కొందరు పెద్దమనుషులు. నిజమే. అంబాసిడర్‌లోనూ, ప్రీమియర్ పద్మినిలోనూ ఈ పనికి ఇనప గొలుసు ఉండేది. పళ్ళ బెల్టును కార్లలోకి మొదట తెచ్చింది జర్మనీలో హాన్స్ గ్లాస్ అనే ఆయన కంపెనీ, 1960ల మొదట్లో. మన మధ్యతరగతి వాకిట్లోకి అది 1983 డిసెంబరులో విడుదలైన మారుతి 800 వెంట వచ్చింది. ఇప్పుడు మళ్ళీ చాలా కార్లకు గొలుసే వేస్తున్నారు. అంచేత మీ కారులో ఉన్నది బెల్టో, గొలుసో ముందు తెలుసుకోండి.

గొలుసు అరిగితే సాధారణంగా గలగలమని చెబుతుంది. బెల్టు అలా కాదు. తన బాధ చెప్పుకోని ఇల్లాలిలాగా పనిచేసి పనిచేసి ఒకనాడు హఠాత్తుగా తెగుతుంది. అందుకే అది తెగాక మార్చే వస్తువు కాదు, గడువు చూసి మార్చే వస్తువు. ఇన్ని కిలోమీటర్లకి, లేదా ఇన్నేళ్ళకి, ఏది ముందొస్తే అప్పుడు మార్చమని కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఏళ్ళ మాట చాలామంది మరిచిపోతారు. "గుడికీ మార్కెట్టుకీ తప్ప బండి తీయలేదండీ" అంటే రబ్బరు జాలిపడదు.

పైగా అది తెగేది ఇంటిముందు నిలబెట్టినప్పుడు కాదు, నడుస్తున్నప్పుడు! వెనక లారీ వస్తుండగా హైవే మధ్యలో ఇంజను ఆగితే, ఒకటి రెండుసార్లు తొక్కేసరికి బ్రేకు రాయిలా గట్టిపడుతుంది. అది వేలతో తేలే లెక్క కాదు.

మరైతే ఇంట్లో మార్చకూడదా? కూడదని నేననను. చేతనైన పని ఎవరు చేసినా నాకు గౌరవమే. కాని చేతకావడం వేరు, చూడడం వేరు. పెళ్ళివంట చూసొచ్చినంత మాత్రాన అయిదువందలమందికి వండగలమా? అందుకని ఆదివారం పొద్దున్నే నాలుగు ప్రశ్నలు అడగండి.

ఒకటి: కారును ఎత్తాక ఆనించడానికి స్టాండ్లున్నాయా? ఉత్త జాకీని నమ్మి కిందికి దూరనివ్వకండి. ఇటుకలు పేర్చి అసలే దూరనివ్వకండి. ఇంజను పోతే డబ్బుతో వస్తుంది. మనిషి రాడు.

రెండు: సరిగ్గా మన కారు మోడల్‌కే రాసిన మాన్యువల్, బోల్టును ఎంత బిగించాలో లెక్క చూపే టార్కు రెంచీ ఉన్నాయా? వీడియోలో ఆయన కారు వేరు, మన కారు వేరు.

మూడు: బెల్టొక్కటే కొన్నారా? దాన్ని బిగువుగా ఉంచే టెన్షనరు, రోలర్లు, ఆ బెల్టే తిప్పే వాటర్ పంపు ఉంటే అదీ వయసులో బెల్టుకి జోడీలే. కొత్త బెల్టుని పాత టెన్షనరుకి అప్పగించడం పిసినారితనమే గాని పొదుపు కాదు.

నాలుగు: బెల్టు వేశాక, తాళంచెవి తిప్పకముందే, ఇంజను తిరిగే దిక్కులో క్రాంకును చేత్తో రెండు చుట్లు తిప్పి, గుర్తులు మళ్ళీ కలిశాయో లేదో చూస్తారా? మధ్యలో ఎక్కడైనా అడ్డం తగిలితే బలవంతం చెయ్యకుండా ఆగుతారా? "ఓసారి స్టార్టు చేసి చూద్దాం" అనే తొందరలోనే వాల్వులు వంగేది.

నాలుగింటికీ అవునంటే కానివ్వండి. అప్పుడు స్పానరు ఎవరి చేతిలో ఉంటేనేం, మీ చేతిలోనే ఉండొచ్చు! ఒక్కదానికి నీళ్ళు నమిలినా పని ఆపించి, కారు వర్క్‌షాపుకి పంపించండి.

అక్కడా "సార్ రాలేదా మేడమ్?" అనే పలకరింపు ఎదురవుతుంది. రాలేదనే చెప్పండి. మూడో ప్రశ్నా, నాలుగో ప్రశ్నా వాళ్ళనీ అడగండి. పాత బెల్టు చేతికిమ్మనండి. టెన్షనరు, పంపు బిల్లులో విడివిడిగా రాయించండి. తేదీ, కిలోమీటర్ల అంకె పాల లెక్క రాసే డైరీలోనే రాసిపెట్టుకోండి. మళ్ళీ గడువెప్పుడో ఇంట్లో ఎవరికి గుర్తున్నా లేకపోయినా ఆ డైరీకి గుర్తుంటుంది.

ఇహ టార్చిలైటంటారా, బానెట్టుకి ఒక కొక్కెం తగిలిస్తే అదే వేలాడుతుంది. దానికోసం ఒక మనిషి అక్కర్లేదు.