పాత కారు ఐబు ఏఐకి కనిపిస్తుందా?

హైదరాబాద్: హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ వైపు ఉద్యోగానికి పోయే ఇంట్లో కారు ఇప్పుడు షోకు కింద లెక్క కాదు. వానాకాలం సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికి చేరాలన్నా, పెద్దవాళ్లను ఆసుపత్రికి తీసుకుపోవాలన్నా అవసరమే. కొత్త కారు అంటే లోన్, లోన్ అంటే వడ్డీ. వడ్డీ జోలికి పోవద్దనుకునే కుటుంబాలు ఏళ్ల తరబడి కూడబెట్టిన డబ్బుతోనో, చిట్టీ ఎత్తిన డబ్బుతోనో, గల్ఫ్‌లో ఉన్న అన్నదమ్ములు పంపిన దానితోనో సెకండ్ హ్యాండ్ కారు వైపు చూస్తాయి. డబ్బంతా ఒకేసారి చేతి నుంచి పోతుంది. నెల తిరగకముందే ఇంజన్ పని పడితే మళ్లీ అప్పు కోసం తిరగాల్సిందే.

ఇదివరకు కారు చూడ్డానికి పోయేటప్పుడు తెలిసిన మిస్త్రీని వెంటబెట్టుకుని పోయేవారు. ఇప్పుడు చాలామంది అంతకంటే ముందే ఫోన్ తీసి ఏఐని అడుగుతున్నారు. 2025లో ఎయిర్‌టెల్ తన కస్టమర్లకు పర్‌ప్లెక్సిటీ ప్రో, జియో తన కస్టమర్లకు జెమినీ ప్రో ఉచితంగా ఇచ్చాయి. నవంబర్ 4 నుంచి చాట్‌జీపీటీ గో కూడా భారతీయులకు ఏడాది ఉచితం అన్నారు. దాంతో ఐటీ ఉద్యోగి నుంచి క్యాబ్ నడిపే పిల్లోడి దాకా అందరి చేతిలోకీ ఏఐ వచ్చేసింది. మరి కారులో దాచిన ఐబును అది ఎంతవరకు పట్టగలదు?

కాగితాలు చదవడంలో దిట్ట

ఏఐ అన్నిటికంటే బాగా చేసే పని కాగితాలు చదివి ఒకదానితో ఒకటి పోల్చడం. మనిషి విసుగొచ్చి వదిలేసే చోట అది వదలదు. ఆర్సీ, ఇన్సూరెన్స్ పాలసీ, సర్వీస్ బిల్లులు, ఎంపరివాహన్ యాప్‌లో కనిపించే వివరాలు అన్నీ ఇచ్చి "వీటిలో ఒకదానికొకటి పొసగనివి ఏవి?" అని అడిగితే పని మొదలవుతుంది.

ఉదాహరణకు, 2022 నాటి సర్వీస్ బిల్లులో కారు 61 వేల కిలోమీటర్లు తిరిగినట్టు ఉండి, ఇప్పుడు మీటర్ 48 వేలు చూపిస్తే మీటర్ వెనక్కి తిప్పినట్టే. ఆర్సీలో "హైపోథికేషన్" అని ఉంటే బ్యాంకు అప్పు ఇంకా రికార్డులో ఉన్నట్టు. బ్యాంకు ఇచ్చే ఎన్ఓసీ, ఫారం 35 లేకుండా అలాంటి బండికి బయానా ఇవ్వొద్దు. అమ్మేవాడు "ఫస్ట్ ఓనర్" అంటుంటే యాప్‌లో ఓనర్ నంబర్ 3 అని ఉండొచ్చు. పాత చలాన్లు చూస్తే బండి ఏ రోడ్ల మీద, ఏ వేళల్లో తిరిగిందో కూడా కొంత తెలుస్తుంది.

చాలామంది చూడకుండా వదిలేసేది పాలసీలోని నో క్లెయిమ్ బోనస్. క్లెయిమ్ తీసుకోని ఓనర్‌కు ఇది ఏటా 20, 25, 35, 45, 50 శాతం అలా పెరుగుతూ పోతుంది. ఒకే ఓనర్ దగ్గర ఐదేళ్లుగా ఉన్న కారు పాలసీలో బోనస్ సున్నా ఉందంటే అంతకుముందు ఏడాది ఏదో క్లెయిమ్ జరిగి ఉండాలి, లేదా పాలసీ మధ్యలో తెగి ఉండాలి. ఏం జరిగిందో అడిగి, రిపేరు బిల్లు చూపించమనాలి. అయితే ఈ బోనస్ బండిది కాదు, ఓనర్‌ది. ఓనర్ మారితే మళ్లీ సున్నా నుంచే మొదలవుతుంది. ఆ తేడా ఏఐకి కూడా చెప్పి అడగాలి.

ఒక జాగ్రత్త కూడా ఉంది. అమ్మేవారి ఆధార్, ఫోన్ నంబర్, చిరునామా ఉన్న కాగితాలను ఉన్నవి ఉన్నట్టు అప్‌లోడ్ చేయకూడదు. ఆ భాగాలు కప్పేసి ఫొటో తీస్తే చాలు.

కారే చెప్పే సంగతులు

కాగితాల తర్వాత బండి దగ్గరికి రావాలి. గత పదేళ్లలో వచ్చిన దాదాపు ప్రతి పెట్రోల్, డీజిల్ కారులో స్టీరింగ్ కింద ఓబీడీ పోర్టు ఉంటుంది. దానికి పెట్టే చిన్న బ్లూటూత్ స్కానర్ ఆన్‌లైన్‌లో తక్కువ ధరకే దొరుకుతుంది. అది ఇచ్చే కోడ్‌లు మామూలు మనిషికి అర్థం కావు. ఆ జాబితాను ఏఐకి ఇస్తే తేలిక తెలుగులోనో ఉర్దూలోనో విడమరచి చెబుతుంది.

ఇక్కడ అమ్మేవాడి తెలివి ఒకటుంది. కొనేవాళ్లు వచ్చే ముందు కోడ్‌లు చెరిపేస్తే డాష్‌బోర్డ్ మీద లైట్ ఆరిపోతుంది. కానీ చెరిపేసిన గుర్తు కూడా కారులోనే మిగులుతుంది. కోడ్‌లు చెరిపాక బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చాలా కార్లు చూపిస్తాయి. కారు తనను తాను పరీక్షించుకునే "రెడీనెస్ మానిటర్లు" కూడా ఇంకా పూర్తి కాలేదని వస్తుంది. తప్పు కోడ్ ఒక్కటీ లేకుండా, మానిటర్లు కూడా పూర్తి కాకుండా ఉంటే రెండు రోజులు ఆగి మళ్లీ స్కాన్ చేయించాలి. బ్యాటరీ కొత్తగా మార్చినా ఇలాగే కనిపిస్తుంది కాబట్టి బ్యాటరీ బిల్లు అడగాలి.

మీటర్ సంగతి కూడా అంతే. కొన్ని కార్లలో కిలోమీటర్ల లెక్క మీటర్‌తో పాటు వేరే యూనిట్లలోనూ నమోదవుతుంది. కంపెనీ సర్వీస్ సెంటర్ స్కానర్ ఆ రెండింటినీ పోల్చగలదు. చవక స్కానర్‌కు అది చేతకాకపోవచ్చు.

నీళ్లలో మునిగిన బండి

హైదరాబాద్‌లో పాత కారు కొనేవాళ్లకు అన్నిటికంటే పెద్ద భయం వరద బండి. 2020 అక్టోబర్‌లో కురిసిన వానకు ఫలక్‌నుమా అల్‌జుబైల్ కాలనీ, హఫీజ్ బాబా నగర్, టోలీచౌకి నదీమ్ కాలనీల్లో కార్లు ఎలా తేలాయో ఇక్కడివారు మరిచిపోలేదు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు కూడా ఎన్నో బండ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలాంటి బండిని కడిగి, సీట్లు మార్చి, పాలిష్ కొట్టి వేరే ఊళ్లో పెడితే పైకి ఏమీ తెలియదు. ఆరు నెలలకు వైరింగ్ తుప్పు పడుతుంది. సెన్సర్లు ఒక్కొక్కటే పోతాయి. ఎయిర్‌బ్యాగ్ అవసరమైన క్షణంలో తెరుచుకుంటుందన్న నమ్మకం ఉండదు.

అమ్మేవాడు పంపిన పది ఫొటోలు చూసి ఏఐ ఈ ఐబును పట్టలేదు. కొనేవాళ్లే స్వయంగా తీసిన ఫొటోలు ఇవ్వాలి. సీటు బెల్టును చివరిదాకా లాగితే అడుగు భాగంలో బురద చార కనిపించొచ్చు. సీటు కింది ఇనుప పట్టాలు, కార్పెట్ అడుగు, స్టెప్నీ గుంట, ఫ్యూజ్ బాక్స్, హెడ్‌లైట్ లోపలి చెమ్మ దగ్గరగా ఫొటో తీయాలి. టైరు మీద ఉండే నాలుగంకెల తేదీ కూడా తీయాలి. అక్కడ 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైన టైరు అని అర్థం. తక్కువ తిరిగిందన్న కారుకు నాలుగు టైర్లూ మారిపోయి ఉంటే ఎందుకో అడగాలి. ఇలాంటి ఫొటోల్లో తుప్పు, తలుపుల మధ్య సందు తేడా, పెయింట్ రంగు తేడా గుర్తించడంలో ఏఐ పనికొస్తుంది.

ఎక్కడ తప్పుతుంది

ఏఐకి ముక్కు లేదు, చెయ్యి లేదు. కారు ఎక్కగానే కొట్టే చెమ్మ వాసన, బ్రేక్ వేసినప్పుడు స్టీరింగ్ ఒక పక్కకు లాగడం, క్లచ్ జారడం దానికి తెలియవు. తెలియదని చెప్పకుండా తెలిసినట్టే ధీమాగా చెప్పడం దానికున్న మరో అలవాటు. "ఈ కారు బాగుంది కదా?" అని అడిగితే బాగుందనే మాట వైపు మొగ్గుతుంది. "ఈ కారు కొనకూడదంటే కారణాలు ఏవి? ఏం చూడకుండా నువ్వు ఈ మాట చెబుతున్నావు?" అని అడిగితే జవాబు మారుతుంది.

ధర విషయంలోనూ జాగ్రత్త అవసరం. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్త కారు ధర దిగితే పాత కారు ధర కూడా దిగాలి. ఏఐ పాత సమాచారంతో లెక్క చెబితే కొనేవాళ్లే నష్టపోతారు.

ఇంకో మాట. ఏఐ ఒక్క కొనేవాడి చేతిలోనే లేదు. గీతలు చెరిపేసి, పెయింట్ మెరిపించి ఫొటో తయారుచేయడం అమ్మేవాడికి కూడా ఇప్పుడు నిమిషం పని. అందుకే ఎదురుగా చూడని బండికి ఫొటో నమ్మి డబ్బు పంపడం ఇదివరకటి కంటే ఇప్పుడు ఎక్కువ ప్రమాదం.

తాళం వేరే చోట ఉంది

అమెరికా ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో పాత కార్ల బజారు మీద ఒక వ్యాసం రాశారు. బండి లోపం అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. దాంతో కొనేవాళ్లు అన్ని బండ్లకూ తక్కువ ధరే చెబుతారు, మంచి బండ్లు ఉన్నవాళ్లు బజారుకు రావడం మానేస్తారు అన్నది ఆయన వాదన. ఈ పరిశోధనకు 2001లో ఆయన నోబెల్ పంచుకున్నారు. టోలీచౌకి, మెహదీపట్నంలో డీలర్ల చుట్టూ తిరిగినవారికి ఈ సంగతి నోబెల్ లేకుండానే తెలుసు. నిజాయితీగా అమ్మే డీలర్ కూడా ఈ అనుమానం వల్లే నష్టపోతున్నాడు.

దీనికి కొన్ని దేశాలు సమాచారం తెరిచి జవాబు చెప్పాయి. బ్రిటన్‌లో బండి నంబర్ కొడితే ఏటా జరిగే ఎంఓటీ పరీక్షలో నమోదైన మీటర్ రీడింగ్, లోపాలు ఎవరికైనా ఉచితంగా కనిపిస్తాయి. యూఏఈలో ఛాసిస్ నంబర్‌తో ప్రమాదాల రికార్డు చూసుకోవచ్చు. సౌదీలో "మోజజ్" పేరుతో బండి చరిత్ర రిపోర్టు దొరుకుతుంది. దుబాయ్, రియాద్‌లలో కారు కొన్న హైదరాబాదీలకు ఇవి కొత్త కాదు. సెలవుల్లో ఇంటికొచ్చి ఇక్కడ కారు కొందామంటేనే ఆ సౌకర్యం లేదు.

మన దగ్గర ఎంపరివాహన్ ఓనర్ వరుస, అప్పు, ఇన్సూరెన్స్ గడువు చూపిస్తుంది. ప్రమాదం జరిగి ఎంత క్లెయిమ్ తీసుకున్నారో చూపించదు. అలాగని ఆ సమాచారం లేకుండా పోలేదు. దేశంలోని బీమా కంపెనీల మోటార్ పాలసీ, క్లెయిమ్ లెక్కలు సేకరించే ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో హైదరాబాద్‌లోనే ఉంది. బీమా రంగాన్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం నానక్‌రాంగూడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉంది. అంటే హైటెక్ సిటీ కుర్రాడు ఏఐతో ఊహించుకుంటున్న జవాబు అతని ఊళ్లోనే ఉన్న వ్యవస్థ పరిధిలోనే ఉంది. పేరు, చిరునామా దాచి, బండి నంబర్ మీద పెద్ద క్లెయిమ్ ఉందా లేదా అన్న ఒక్క మాట కొనేవారికి చెప్పగలిగితే వరద బండి, ప్రమాదం బండి బజారులో దాక్కోవడం కష్టమవుతుంది.

పేరు మారకపోతే ఇద్దరికీ ముప్పు

ఐబు బండిలోనే కాదు, కాగితంలోనూ ఉంటుంది. కారు చేతులు మారుతూ పోయి, ఆర్సీ మాత్రం మొదటి ఓనర్ పేరిటే ఉండగా ప్రమాదం జరిగిన కేసులో సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో స్పష్టంగా చెప్పింది: రికార్డులో ఎవరి పేరు ఉంటే పరిహారం బాధ్యత వారిదే. అమ్మి డబ్బు తీసుకున్నాం, ఇక మనకేం అనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 50 ప్రకారం రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజుల్లో అమ్మినవారు, 30 రోజుల్లో కొన్నవారు రవాణా శాఖకు తెలపాలి. ఇన్సూరెన్స్ తన పేరిట మార్చమని కొన్నవారు 14 రోజుల్లో కంపెనీని అడగాలి.

2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్లు అమ్మే డీలర్లకు రవాణా శాఖ అనుమతి పత్రం ఉండాలన్న నిబంధన వచ్చింది. దాన్ని చూపించమని అడగడం కొనేవారి హక్కు. డీలర్ గానీ కంపెనీ గానీ ఐబు దాచి అమ్మితే 1915 హెల్ప్‌లైన్‌కు, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. వ్యాపారం కాకుండా సొంత కారు అమ్మిన వ్యక్తి మీద ఆ దారి సాధారణంగా ఉండదు. అప్పుడు మోసం కేసు, సివిల్ కోర్టు మిగులుతాయి. అందుకే "ప్రమాదం జరగలేదు, నీళ్లలో మునగలేదు, మీటర్ మార్చలేదు" అని అమ్మేవారితో రాయించి సంతకం తీసుకోవాలి. నిజం చెప్పేవాడికి ఆ సంతకం పెట్టడం కష్టం కాదు.

మొత్తం మీద వరుస ఇది: ముందు కాగితాలు ఏఐతో చదివించాలి, తర్వాత సొంతంగా ఫొటోలు తీసి స్కాన్ చేయించాలి, ఆ తర్వాత ఏఐ లేవనెత్తిన ప్రశ్నలు పట్టుకుని మిస్త్రీతో బండి నడిపించి చూడాలి. బయానా చివరికి. తొందర పెట్టి "ఇంకో పార్టీ వస్తున్నాడు, ఇప్పుడే ఇవ్వండి" అనేవాడి దగ్గర బండి ఎంత మెరిసినా వదిలేసి రావడమే మేలు. క్లెయిమ్‌ల రికార్డు తెరుచుకునే రోజు వచ్చేదాకా ఇంటి డబ్బుకు కాపలా ఈ ఓపికే.