చమురు ఎవరిదో లేజర్ చెబుతుంది, నష్టపోయింది ఎవరో ఎవరు రాస్తారు?

మిచౌంగ్ తుపాను 2023 డిసెంబర్ 5న మన బాపట్ల దగ్గర తీరం దాటింది. అదే తుపాను వానలకు చెన్నైలో సీపీసీఎల్ రిఫైనరీ వైపు నుంచి వరదతో పాటు చమురు ఎన్నూరు క్రీక్‌లోకి దిగింది. తమిళనాడు ప్రభుత్వం 2,301 మత్స్యకార కుటుంబాలకు 12,500 రూపాయల చొప్పున, 787 పడవల మరమ్మతుకు 10,000 చొప్పున ప్రకటించింది. జాబితాలో పేరుంటేనే డబ్బు.

ఇది కృష్ణా డెల్టాకు దూరపు సంగతి కాదని మేం అంటున్నాం. కృష్ణా-గోదావరి బేసిన్ లోతు సముద్రంలో ఓఎన్‌జీసీ 2024 జనవరి 7న చమురు తీయడం మొదలుపెట్టింది. మచిలీపట్నంలో పోర్టు కడుతున్నారు. నాగాయలంక, హంసలదీవి వైపు మడ అడవుల పాయల్లో చేతులతో పీతలు, రొయ్యలు పట్టి బతికే యానాది కుటుంబాలున్నాయి.

సముద్రం మీద చమురు తెట్టు చిన్న అలలను అణిచేస్తుంది కాబట్టి ఉపగ్రహ రాడార్‌కు నల్ల మచ్చలా కనిపిస్తుంది. గాలి పడిపోయినా అలాంటి మచ్చే వస్తుంది. లేజర్ ఫ్లోరోసెన్సర్‌కు ఈ తికమక తక్కువ. విమానం నుంచి అతినీలలోహిత లేజర్‌ను నీటి మీద వేస్తే, చమురులోని ఆరోమాటిక్ పదార్థాలు దాన్ని పీల్చుకుని వేరే రంగు కాంతిని వదులుతాయి. ఆ కాంతిని బట్టి డీజిల్ లాంటి తేలిక నూనా, ముడి చమురా అని పోల్చవచ్చు, రాత్రిపూట కూడా. అయితే విమానం కిందుగా ఎగరాలి, పొగమంచు ఉండకూడదు. జర్మనీ దీన్ని డోర్నియర్ 228 విమానాల్లో అమర్చింది. మన కోస్ట్ గార్డ్ నడిపేవీ డోర్నియర్ 228లే. ఇక ‘మనకు కుదరదు’ అనడానికి ఏముంది?

చమురు రకం తేలితే ‘మాది కాదు’ అని తప్పించుకోవడం కంపెనీకి కష్టమవుతుంది. కానీ నష్టపోయినవాళ్ల జాబితా లేజర్ రాయదు, అధికారులు రాస్తారు. పడవ రిజిస్ట్రేషన్, సహకార సంఘం సభ్యత్వం చూసి రాస్తే పడవే లేని యానాదులు, రొయ్యల షెడ్లలో కూలికి పోయే దళిత స్త్రీలు అందులో ఉండరు. వాళ్ల రోజు కూలికి రసీదు ఎవరిస్తారు?

అందుకే జాబితా ప్రమాదం జరగక ముందే గ్రామసభలో తయారు కావాలి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ తెట్టు ఎటు కదులుతుందో అంచనా వేస్తుంది. ఆ హెచ్చరిక తెలుగులో పాయల దాకా రావాలి. 2010 నాటి జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం 15వ సెక్షన్ కింద పరిహారం అడగడానికి ఐదేళ్ల గడువుంది. ప్రమాదమైతే కంపెనీ తప్పు రుజువు చేయాల్సిన పని లేదని 17వ సెక్షన్ అంటోంది. అయినా పాయల్లో బతుకుతున్నామని చూపే కాగితం మనవాళ్ల చేతిలో ఉండాలి. విజయవాడ హాస్టళ్లలో చదివే మన విద్యార్థులు ఈ సెలవుల్లో ఆ పేర్లు రాయడం మొదలుపెట్టవచ్చు.