షోలాపూర్ నేతపేటలు: ఉప్పునీటి భారం ఎవరిది?

తెలంగాణ పల్లెల నుండి మగ్గాన్ని నమ్ముకొని తరలివెళ్ళిన పద్మశాలీలు షోలాపూర్ చాదరుకు, తువ్వాలుకు దేశమంతటా పేరు తెచ్చారు. భౌగోళిక గుర్తింపు సైతం లభించిన ఆ వస్త్రాల వెనుక నీటి సమస్య మాత్రం తీరలేదు.

1871లో నిర్మించిన ఏక్రుఖ్ చెరువు పెరిగిన నగరానికి చాలలేదు. భీమానదిపై 1980లో పూర్తయిన ఉజని జలాశయం నుండి వంద కిలోమీటర్లకు పైగా గొట్టాల ద్వారా నీరు తేవలసి వచ్చింది. ఆ జలాశయానికి ఎగువన పుణె నగరపు మురుగు ముళా-ముఠా నదుల ద్వారా భీమలో కలుస్తున్నది. కుళాయి నీరు ఏళ్ళ తరబడి కొన్ని రోజులకొకమారు మాత్రమే అందిన పేటలలో డబ్బా నీరు ఇంటి ఖర్చులో భాగమైంది.

ఇక్కడొక విషయాన్ని గమనించాలి. మురుగు వేరు, ఉప్పు వేరు. బురదను, క్రిములను ఆపడానికి అల్ట్రాఫిల్ట్రేషన్ పొర చాలు. కరిగిన లవణాలను తొలగించేది రివర్స్ ఆస్మోసిస్ పొర. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో కరిగిన ఘనపదార్థాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించరాదు. వేరే ఆధారం లేనప్పుడే 2,000 వరకు అనుమతి. ఉప్పు తక్కువగా ఉన్న నీటికి రెండవ పొర అనవసరం; పైగా ఇళ్ళలోని చిన్న యంత్రాలు సాధారణంగా ఇచ్చే మంచినీటికంటే పారబోసేదే ఎక్కువ.

నేతపేటలకు అసలు ఉప్పు చిక్కు అద్దకంలో ఉంది. రియాక్టివ్ రంగులు నూలుకు పట్టాలంటే ఉప్పు తప్పదు. ఆ ఉప్పంతా కడుగునీటిలోకే పోతుంది. దాని పర్యవసానాన్ని తమిళనాడు చూసింది. నొయ్యల్ నదిపై సాగు కోసం 1992లో కట్టిన ఒరత్తుపాళయం జలాశయం తిరుప్పూర్ అద్దకపు నీటితో ఉప్పుమయం కాగా, రైతులే ఆ నీరు వద్దన్నారు. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు తిరుప్పూరులోని అద్దకపు కర్మాగారాల మూసివేతకు ఆదేశించింది.

అటుపిమ్మట అక్కడ ఉమ్మడి శుద్ధి కేంద్రాలు పొరలను వరుసగా అమర్చుకొన్నాయి. ముందు సూక్ష్మజీవులతో శుద్ధి, తరువాత అల్ట్రాఫిల్ట్రేషన్, ఆపై రివర్స్ ఆస్మోసిస్. మిగిలిన చిక్కటి ఉప్పునీటిని నానోఫిల్ట్రేషన్ గుండా పంపితే రంగు ఆగి, సాధారణ ఉప్పు దాటుతుంది. అది తిరిగి అద్దకానికి పనికివస్తుంది. శేషాన్ని ఆవిరి చేయాలి. ఖర్చంతా ఎక్కువగా ఈ చివరి మెట్టులోనే.

షోలాపూర్‌లోని చిన్న కార్ఖానాలు ఒక్కొక్కటిగా ఈ భారం మోయలేవు. ఉమ్మడి కేంద్రానికి ప్రభుత్వం పెట్టుబడి పెట్టాలి. నిర్వహణ వ్యయంలో తువ్వాలు కొనే పెద్ద వ్యాపారులు వాటా పంచుకోవాలి. లేనిచో ఆ వ్యయం నేతకార్మికుని కూలిపైననే పడుతుంది.