బట్టమేక పిట్టా, మన పొదుపు సొమ్మూ

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున్నే టంకసాల వీధిలో కాపురముండే పిన్నిగారు ఒకరు మా ఇంటికి వచ్చి, సంచిలోనుంచి కాగితాల కట్ట తీసి మా ముందు పెట్టినారు. బెంగుళూరులో వుద్యోగం చేసే వారి అబ్బాయి సెల్‌ఫోనుకు పంపగా, వీధి చివర అంగడిలో అచ్చు వేయించుకొని వచ్చిన కాగితాలవి. ఎండనుంచి కరెంటు తీసే ఒక కంపెనీ వాటాలు అమ్ముతున్నదట. మనుమరాలి కాలేజీ చదువుకని దాచిన నాలుగు లక్షలూ అందులో వేయమని అబ్బాయి సలహా.

"నాయనా, నీవు పగలల్లా కచేరీలో కాగితాలు చూసేవాడివి గదా. ఇది కూడా చూసిపెట్టు. నాకు తెలియక అడుగుతాను, సూర్యుడు రేపటినుంచి వుదయించడం మానేస్తాడా? ఎండను అమ్ముకునే వాడికి నష్టమెట్లా వస్తుంది?" అన్నారు పిన్నిగారు.

నవ్వి వూరుకోవలసిన ప్రశ్న కాదిది. మన సౌకార్‌పేటలో చాలా ఇళ్ళలో యీ ప్రశ్న యీ రోజులలో తిరుగుతూనే వున్నది. అందుచేత పిన్నిగారికి చెప్పిన జవాబే యీ నెల పాఠకులందరికీ విన్నవించుకుంటున్నాము.

సూర్యుడు వుదయించక మానడు. కాని ఎండ పడ్డ చోటినుంచి మన ఇంటి దీపందాకా తీగ రావాలి. ఆ తీగ ఎవరి నేలమీదుగా, ఎవరి ఆకాశంలోనుంచి పోతుందో, దానికి ఎవరి అనుమతి కావాలో, అక్కడున్నది అసలు చిక్కు.

యీ చిక్కు ఎంతదాకా పోగలదో చూపించే వ్యాజ్యం ఒకటి మన కళ్ళముందే జరిగింది. దానికి మూలం ఒక పిట్ట. మనవాళ్ళు దానిని బట్టమేక పిట్ట అంటారు. మా వీధిలో బట్టల అంగడి పెట్టుకున్న మార్వాడీ సేఠ్‌గారిని అడిగితే, "మా వైపు గోడావణ్ అంటాము, అది మా రాజస్థాన్ రాష్ట్ర పక్షి" అని గర్వంగా చెప్పినారు. నిలువెత్తు కాళ్ళతో గడ్డిమైదానంలో నడిచే యీ పిట్ట పదిహేను కిలోల దాకా తూగుతుంది. ఎగిరే పిట్టలలో ఇంత బరువైనవి ప్రపంచంలోనే బహు కొద్ది. ఒకప్పుడు మన కర్నూలు సీమలోనూ తిరిగేది. దానికోసమే 1988లో రోళ్ళపాడు అభయారణ్యం ఏర్పాటు చేసినారు. ఇప్పుడు అక్కడ దాదాపు కనుమరుగైంది. దేశం మొత్తంమీద మిగిలినవి నూటయాభైకి మించవని అంచనా. అందులో ఎక్కువభాగం జైసల్మేరు ఎడారిలోనే వున్నవి.

దీని కళ్ళు తలకు రెండు పక్కలా వుంటవి. ఎదుట వున్నది సరిగా కనబడదు. దూరాన తీగ వున్నదని తెలిసేసరికి దగ్గరకు వచ్చేస్తుంది. బరువైన శరీరం గనుక చటుక్కున పక్కకు తిరగలేదు. తీగకు తగులుకొని చస్తుంది. సాధారణంగా ఏడాదికి ఒక్క గుడ్డు పెట్టే పిట్ట ఇట్లా చస్తూ వుంటే జాతి నిలిచేదెట్లా?

వచ్చిన చిక్కేమంటే, జైసల్మేరు పిట్టకు ఎంత ఇష్టమో, సౌరవిద్యుత్తు కంపెనీలకూ అంత ఇష్టం. అక్కడ ఎండ మెండు, బీడు నేల మెండు. వేల కోట్ల పెట్టుబడితో అక్కడ పలకలు పరచినారు, స్తంభాలు నాటినారు, తీగలు లాగినారు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తయారీలో ముఖ్యులైన ఎం. కె. రంజిత్‌సింహ్ గారు 2019లో సుప్రీంకోర్టుకు వెళ్ళినారు. 2021 ఏప్రిల్ 19న ప్రధాన న్యాయమూర్తి బోబ్డే గారి ధర్మాసనం తీర్పు చెప్పింది. పిట్ట తిరిగే చోట్లలోనూ, తిరగవచ్చునన్న చోట్లలోనూ ఇకమీదట తీగలు భూమిలోపలనుంచే పోవలెను. వున్న తీగలను వీలైన చోటల్లా ఏడాదిలోగా భూమిలోకి దింపవలెను. అంతవరకు తీగలకు పిట్టలను బెదరించే బిళ్ళలు తగిలించవలెను. ఎక్కడైనా భూమిలో వేయడం అసాధ్యమంటే ముగ్గురు సభ్యుల సంఘం ముందు ఆ సంగతి రుజువు చేసుకోవలెను.

యీ తీర్పు వర్తించిన ప్రదేశం సుమారు 99 వేల చదరపు కిలోమీటర్లు. అంటే మన తమిళనాడులో మూడువంతులకు పైమాటే!

ఇక కంపెనీలవారి అవస్థ వూహించండి. వారు కరెంటు ధర ముందే ఒప్పుకొని సంతకాలు చేసినవారు. 2017 మే నెలలో రాజస్థాన్‌లోని భడ్లాకు వేలంలో యూనిటుకు 2 రూపాయల 44 పైసలకు ఒప్పుకున్నారు. 2020 డిసెంబరులో గుజరాత్ వేలంలో 1 రూపాయి 99 పైసలకే దిగినారు. ఇరవై అయిదేళ్ళదాకా ధర మారదు. ఇంత బిగించి లెక్క వేసుకున్న తరువాత, పైన పోయే తీగను భూమిలో వేయమంటే ఖర్చు ఎన్నోరెట్లు అవుతుంది. పెద్ద వోల్టేజి తీగలను అట్లా చాలా దూరం భూమిలో వేయడం సాధ్యమే కాదని కేంద్ర ప్రభుత్వంకూడా 2021లోనే కోర్టుకు మొరపెట్టుకున్నది.

పిన్నిగారికి మేము వేసి చూపించిన చిన్న లెక్క ఇక్కడ చెబుతాము. ఇది వుదాహరణకు మాత్రమే. నూరు రూపాయల కేంద్రం కట్టడానికి 75 రూపాయలు అప్పు తెచ్చి, 25 రూపాయలు వాటాదారులు పెట్టినారనుకుందాము. అప్పుకు వడ్డీ నూటికి తొమ్మిది. పలకలు బిగించినారు, ఎండ కాస్తున్నది, తీగకు మాత్రం అనుమతి రాలేదు. కరెంటు అమ్ముడుపోదు. కాని వడ్డీ ఆగదు. ఏడాదికి 6 రూపాయల 75 పైసలు. వాటాదారులు పెట్టిన పాతికలో నాలుగోవంతుకు పైగా ఒక్క ఏడాదిలో వడ్డీకే పోయినట్లు. రెండేళ్ళయితే సగానికి పైగా. అప్పు ఇచ్చిన బ్యాంకి ముందు తన వడ్డీ పుచ్చుకుంటుంది. మిగిలితేనే మనకు.

"అయితే పిట్టవల్ల నా మనుమరాలి చదువు ఆగిపోతుందా?" అన్నారు పిన్నిగారు కాస్త గాభరాగా.

కథ అక్కడితో ఆగలేదు. 2024 మార్చి 21న ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ గారి ధర్మాసనం మొదటి తీర్పులోని సర్వత్రా తీగలు దింపాలన్న భాగాన్ని వెనక్కు తీసుకొని, నిపుణుల సంఘాన్ని వేసింది. వాతావరణ మార్పువల్ల కలిగే కీడునుంచి రక్షణ పొందడంకూడా పౌరుల హక్కేనన్నది ఆ తీర్పులోనే. పిట్టా కావాలి, బొగ్గు మానిపించే కరెంటూ కావాలి, రెంటికీ దారి చూడండని దాని భావం. 2025 డిసెంబరు 19న మన తెలుగువారైన జస్టిస్ పమిడిఘంటం శ్రీనరసింహ గారు, జస్టిస్ అతుల్ చందూర్కర్ గారు కలిసి ఆ సంఘం సిఫారసులను ఆమోదించినారు. పిట్టకు ముఖ్యమైన ప్రదేశం రాజస్థాన్‌లో 14,013, గుజరాత్‌లో 740 చదరపు కిలోమీటర్లుగా నిర్ణయమైంది. అక్కడ కొత్తగా గాలిమరలుగాని, రెండు మెగావాట్లకు మించిన సౌరకేంద్రాలుగాని పెట్టరాదు. తీగలు నిర్ణయించిన బాటలలోనుంచే పోవలెను.

మొదటి తీర్పునుంచి చివరి తీర్పుకు నాలుగేళ్ళ ఎనిమిది నెలలు. చివరకు వచ్చిన హద్దులు కఠినమా, సులభమా అన్నది అటుంచండి. ఇన్నాళ్ళూ హద్దు ఎక్కడో తెలియకపోవడమే మదుపరికి పెద్ద నష్టం. పన్ను ఎంతో తెలిస్తే వర్తకుడు ధరలో కలుపుకుంటాడు. రేపు ఎంత అడుగుతారో తెలియకపోతే అంగడి తెరవాలా వద్దా అని వీధిలో నిలబడతాడు. మన కొత్వాల్ చావడి వర్తకులకు యీ మాట వేరే చెప్పనక్కరలేదు.

ఇంకొక సంగతి. ఎండ కరెంటుకు మామూలుగా కేంద్రప్రభుత్వపు పర్యావరణ అనుమతి అవసరంలేదు. 2006 సెప్టెంబరు 14 నాటి ప్రకటనలో అనుమతి కావలసిన పనుల పట్టిక వున్నది. సౌరపలకలు అందులో లేవు. అందుకనే చాలామంది ఇందులో చిక్కేమీ వుండదనుకున్నారు. జైసల్మేరులో చిక్కు పట్టికలోనుంచి రాలేదు, పిట్టనుంచి వచ్చింది. పట్టికలో పేరున్న పనులూ వున్నవి. నీటిని పగలు కొండమీదికి తోడి, రాత్రి క్రిందికి వదిలి కరెంటు తీసే కేంద్రాలకు ఆ అనుమతి కావాలి, అడవి నేల పోతే దానికి వేరే అనుమతి కావాలి. కర్నూలు సీమలో పిన్నాపురం వద్ద గ్రీన్‌కో సంస్థవారి ప్రాజెక్టు ఆ జాతిదే. 2022 మే 17న దానికి శంకుస్థాపన జరిగింది. అక్కడికి దగ్గరలోనే గని, శకునాల గ్రామాల వద్ద 1,000 మెగావాట్ల సౌరక్షేత్రం 2017లోనే పూర్తయింది. రెండూ "పచ్చ కరెంటు" క్రిందికే వస్తవి. కాని కావలసిన కాగితాలు వేరు, పట్టే కాలం వేరు. ఆకుపచ్చ అట్ట చూసి రెండింటినీ ఒకటే గాట కట్టకూడదు.

అనుమతులన్నీ చేతికి వచ్చినా భయం తీరదనడానికి ఆంధ్రప్రదేశ్‌లోనే నిదర్శనం వున్నది. 2019 జూలైలో అక్కడి ప్రభుత్వం పాత విద్యుత్ ఒప్పందాల ధరలు తగ్గించుకోవాలని సంఘం వేసింది. కంపెనీలు హైకోర్టుకు వెళ్ళినవి. 2022 మార్చి 15న ఒప్పందం ప్రకారమే చెల్లించవలెనని తీర్పు వచ్చింది. న్యాయం దక్కింది నిజమే, మధ్యలో రెండున్నర ఏళ్ళు గడిచినవి. ఇల్లు అలకగానే పండుగ కాదని మన పెద్దలు వూరికే అనలేదు.

మేము యీ విషయంలో తెలివిగలవాళ్ళమని చెప్పుకోవడం లేదు. సెకండ్ లైన్ బీచిలో మద్రాసు స్టాక్ ఎక్స్ఛేంజి వుండిన రోజులనుంచీ వాటాల మాటలు వింటున్నవాళ్ళమే. 1937లో మొదలైన ఆ సంస్థ 2015లో మూతబడింది, మా తెలివి మాత్రం అంతకుముందే మూతబడినట్లున్నది! కొన్నేళ్ళ క్రిందట మేమూ ఒక కొత్త కంపెనీ వాటాలకు మొదటి పేజీ, చివరి పేజీ చూసి దరఖాస్తు పెట్టినాము. కావలసిన అనుమతులలో రెంటికి ఇంకా దరఖాస్తే చేయలేదని లోపల అచ్చు వేసే వున్నది. వేసిన సొమ్ములో సగం పోయిన తరువాత ఆ పేజీ చదివినాము. దాచినది కంపెనీ కాదు, చదవనిది మేము. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్లు మేము లాభంతో ఏమేమి కొనాలో ముందే నిర్ణయించుకున్నాము.

అందుచేత వాటాల ప్రకటన పత్రం చేతికి వచ్చినప్పుడు నాలుగు చోట్ల వేలు పెట్టి చదవండి. నష్టభయాల గురించిన అధ్యాయం మొదటిది. వచ్చిన అనుమతులేవి, అడిగినవేవి, ఇంకా అడగనివేవి అన్న జాబితా రెండవది. కోర్టులో నడుస్తున్న వ్యాజ్యాలు మూడవది. కట్టవలసిన కేంద్రాలలో ఎన్నింటికి నేలా తీగా రెండూ కుదిరినవి అన్నది నాలుగవది. ఇవన్నీ పత్రంలో వుంటవి. సెబీ వారి వెబ్‌సైటులో ఎవరైనా వూరకే చదువుకోవచ్చును. ఇంగ్లీషు రాని పెద్దలు ఇంట్లో చదువుకున్న పిల్లలచేత చదివించుకొని అర్థం చెప్పించుకోవాలి. సంతకం ఎవరు చేస్తారో అర్థంకూడా వారికే తెలియాలి.

పిన్నిగారి కాగితాలు ఆ విధంగానే చదివినాము. కట్టవలసిన కేంద్రాలలో కొన్నింటికి తీగ అనుమతి ఇంకా రావలసి వున్నదని వున్నది. వారేమీ దాచలేదు. అది చెడ్డ కంపెనీ అని మేము అనలేము. కాని రెండేళ్ళలో ఫీజు కట్టవలసిన సొమ్మును, ఎప్పుడు తేలుతుందో తెలియని వ్యవహారంలో పెట్టకూడదని మాత్రం గట్టిగా చెప్పినాము. సొమ్ముకు గడువు వున్నప్పుడు వ్యాపారానికీ గడువు వుండాలి.

పిన్నిగారు మూడున్నర లక్షలు తపాలా కచేరీలో వేసినారు. అబ్బాయి మాట తీసివేయకుండా మిగిలిన యాభై వేలకు వాటాలు కోరినారు. "ఇది పోయినా నా గాజులు పోయినంతే, పిల్ల చదువు పోదు" అన్నారు. పెద్ద పెద్ద చదువులు చదివినవారుకూడా ఇంతకన్న బాగా లెక్క వేయలేరని మాకు తోచింది.

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "ఆ పిట్టను మాత్రం తిట్టకు నాయనా. దాని చోటికి మనం వెళ్ళినాము గాని, మన చోటికి అది రాలేదు గదా" అన్నారు.

ఆ మాటకు మేమేమీ కలపనక్కరలేదు. ఎవరి చోటు ఎంతో మొదటే అడిగి, తెలుసుకొని, దాని ఖర్చు లెక్కలో వేసుకొన్న కంపెనీ మన సొమ్ముకూ అంత జాగ్రత్త చూపిస్తుందని నమ్మవచ్చును. పత్రం తెరిచినప్పుడు ముందు అది వెతకండి.