ఓడలో వైఫై ఉంటుందా పిన్నీ?

సంక్రాంతికి విజయవాడ వెళితే అక్కావాళ్లింట్లో మూడు రోజులూ ఒకటే చర్చ. కోడిపందేల గురించి కాదు, పిండివంటల గురించీ కాదు. ఓడ గురించి!

బావగారికి చీటీ డబ్బులు చేతికొచ్చాయి. పెద్దాడు పదో తరగతి. పరీక్షలు కాగానే ఇంటర్, అదీ హాస్టల్లో. ఇంటర్ హాస్టల్ అంటే ఏమిటో పిల్లల తల్లిదండ్రులకు నేను వేరే చెప్పక్కర్లేదు. ఇక రెండేళ్లపాటు వాడు సొంతింటికి చుట్టపుచూపుగా వస్తాడు. వచ్చినా పుస్తకాల సంచీతోనే. ఆ తర్వాత ఇంజినీరింగ్ ఏ ఊళ్లోనో! ‘నలుగురం కలిసి వెళ్లడానికి మళ్లీ ఎప్పుడు కుదురుతుందో ఏమో, ఈ ఏప్రిల్‌లో ఎటైనా వెళ్లాల్సిందే’ అని బావగారి పంతం. ఎటైనా అంటే... సింగపూర్ వెళ్లి, అక్కడ ఓడెక్కి, మూడు రాత్రులు సముద్రం మీద తిరిగి రావడం.

పదమూడేళ్ల చిన్నది ఎగిరి గంతేసింది. పెద్దాడు ఫోన్లోంచి తలెత్తకుండానే అడిగాడు: ‘ఓడలో వైఫై ఉంటుందా పిన్నీ?’

ఉంటుంది. కానీ ఊరికే రాదు. నడిసంద్రంలో సెల్ టవర్లుండవు కాబట్టి అక్కడ అంతా ఉపగ్రహం మీదే. రోజుకింత అనో, మొత్తం ప్రయాణానికింత అనో ప్యాకేజీ కొనుక్కోవాలి. ఈ పాఠం నేను డబ్బు కట్టి మరీ నేర్చుకున్నా. కొన్నేళ్ల కిందట మావారితో ఓడెక్కినప్పుడు ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టడం మర్చిపోయా. రేవు దాటగానే అది బుద్ధిగా ఓడలోని నెట్‌వర్క్‌కి తగులుకుని, వాట్సాప్‌లో పొద్దుటి గుడ్‌మాణింగ్ పూలన్నీ దించేసింది. ఊరొచ్చాక బిల్లు చూసి మావారు చాలాసేపు మాట్లాడలేదు. అందుకే పిల్లలతో వెళ్లేవాళ్లకు నేను చెప్పే మొదటి మాట... గ్యాంగ్‌వే ఎక్కకముందే అందరి ఫోన్లూ ఫ్లైట్ మోడ్‌లోకి వెళ్లిపోవాలి!

ఇంతకీ ఓడే ఎందుకు? బావగారి లెక్క ఆయనకుంది. ఈ వయసు పిల్లల్ని ఊటీయో సిమ్లాయో తీసుకెళితే రోజుకో హోటలు, పొద్దున్నే లేపడం, కారులో వెనక సీట్లో ఇద్దరూ మూతులు ముడుచుకుని కూర్చోవడం. అదే ఓడలో అయితే పెట్టె ఒక్కసారి విప్పితే చాలు. ఊళ్లే మన దగ్గరికొస్తాయి. పొద్దున్న పదింటికి లేచినా టిఫిను దొరుకుతుంది. ‘పైగా ఎక్కడికెళ్లినా ఓడలోనేగా ఉంటారు!’ అన్నారాయన ధీమాగా.

ఆ ఒక్క మాటకే అక్క మొహం మాడిపోయింది. ‘నీళ్ల మీద నేను రానండీ. పిల్లల్నీ పంపను’ అని లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

నేను వెనకే వెళ్లా. కారణం నాకు తెలుసు. 2019 సెప్టెంబరు 15, ఆదివారం. గోదావరి వరద మీదుంది. పాపికొండలు చూడ్డానికి బయల్దేరిన పర్యాటక బోటు కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. 77 మంది ఎక్కితే బతికి బయటపడింది 26 మంది. వాళ్లను ఒడ్డుకు చేర్చింది ఆ ఊరి గిరిజనులే. బోటును బయటికి తీయడానికి అక్టోబరు 22 దాకా పట్టింది. అన్ని రోజులూ అక్క టీవీ ముందు నుంచి కదల్లేదు. ఆ ముందటేడు వేసవిలో వీళ్లు నలుగురూ పాపికొండలు వెళ్లొచ్చారు. అలాంటి బోటులోనే. ‘భోజనాలప్పుడు ఉక్కపోస్తోందని జాకెట్లు విప్పి కుర్చీలకి తగిలించామే! నేనే విప్పాను చిన్నదానికి’ అంది గిన్నె తోముతూనే. ఇన్నేళ్లలో ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదు.

భయాన్ని ‘ఏం కాదులే’ అని కొట్టిపారేస్తే పోదు. అది ఇంకాస్త లోపలికి వెళ్లి కూర్చుంటుందంతే. అందుకే ఇద్దరం టీ పెట్టుకుని, నాకు తెలిసినవన్నీ ఒక్కొక్కటే చెప్పా.

సముద్రంలో తిరిగే ప్రయాణికుల ఓడలకు ‘సోలాస్’ అని అంతర్జాతీయ ఒప్పందం ఒకటుంది. 1912లో టైటానిక్ మునిగాక, 1914లో దాని మొదటి రూపం పుట్టింది. ఓడెక్కిన వాళ్లందరూ ప్రమాదం వస్తే ఎక్కడికి చేరాలో, జాకెట్ ఎలా తొడుక్కోవాలో తెలుసుకోవాల్సిందే. దాన్నే మస్టర్ డ్రిల్ అంటారు. ఒకప్పుడు ఎక్కిన 24 గంటల్లోపు ఎప్పుడు చేయించినా సరిపోయేది. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా రాయికి తగిలి ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. అప్పుడే ఎక్కిన వందల మంది ఆ డ్రిల్ చూడనేలేదు. ఆ తర్వాత నియమం మారింది. 2015 నుంచి ఓడ కదలకముందే, లేదంటే కదిలిన వెంటనే ఆ డ్రిల్ జరిగి తీరాలి. ఏడు చిన్న కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే చేతిలో ఏమున్నా వదిలేసి చెప్పిన చోటికి వెళ్లాలి.

‘కుక్కర్ విజిల్లా అన్నమాట’ అంది అక్క. ఆ పూట మొదటిసారి నవ్వింది.

ఇంకోటి కూడా చెప్పా. సింగపూర్ నుంచి పెనాంగ్ వైపు వెళ్లే ఓడలు మలక్కా జలసంధిలో వెళతాయి. ఒకపక్క మలేసియా, ఇంకోపక్క సుమత్రా దీవి. రెండు నేలల మధ్య ఉన్న నీళ్లు కాబట్టి నడిసముద్రంలో ఉన్నంత ఊపు ఉండదు. ఇక ఓడ సంగతా... ఉదాహరణకు 2022 నుంచి సింగపూర్‌లో తిరుగుతున్న జెంటింగ్ డ్రీమ్ పొడవు 335 మీటర్లు. అంటే మూడు ఫుట్‌బాల్ మైదానాలు వరసగా పరిచినట్టు. అంతదాన్నీ, గోదావరి మీద బోటునూ ఒకే గాటన కట్టకూడదు. అయినా జాకెట్ విషయంలో మాత్రం ఏ నీళ్లయినా ఒకటే అని అక్కే అంది.

రెండో రోజు పొద్దున్నే ఆవిడే బావగారిని అడిగింది, ‘గదులెట్లా?’ అని. అంటే ఒప్పుకున్నట్టే!

గదుల దగ్గర చాలామంది పొరపడతారు. ప్రకటనలో కనిపించే ధర ఒక్కొక్కరికి, అదీ గదికి ఇద్దరు లెక్కన. ఆ గదిలోనే మూడోవాళ్లూ నాలుగోవాళ్లూ ఉంటే వాళ్లకి తగ్గుతుంది. గోడలోంచి దించే పై మంచాలుంటాయి, రైలు బెర్తుల్లా. చిన్నపిల్లలైతే సరదాగానే ఉంటుంది. పదహారేళ్ల కుర్రాడూ పదమూడేళ్ల పిల్లా అమ్మానాన్నలతో ఒకే చిన్న గదిలో, ఒకే స్నానాలగదితో మూడు రాత్రులంటే... రెండో రోజుకే యుద్ధం. డబ్బు సరిపోతే బాల్కనీ ఉన్న ఒక గది బదులు కిటికీ లేని గదులు పక్కపక్కన రెండు తీసుకోవడమే మేలని నా అభిప్రాయం. అమ్మా కూతురూ ఒకదాంట్లో, తండ్రీ కొడుకూ ఇంకోదాంట్లో. పిల్లలకు విడిగా గది ఇచ్చే విషయంలో ఒక్కో కంపెనీది ఒక్కో నియమం, ముందే అడగాలి. కడుపులో తిప్పే వాళ్లుంటే ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తులో గది అడగండి. ఊపు అక్కడ తక్కువ.

టికెట్ మీద రేవు రుసుములు, సిబ్బందికి రోజుకింత చొప్పున టిప్పులు, ఊళ్లో దిగితే తిరగడానికయ్యే ఖర్చు... ఇవన్నీ కలిపి చూసుకోవాలి. విదేశీ టూర్ ప్యాకేజీ అయితే టీసీఎస్ కూడా పట్టుకుంటారు. అది రిటర్నుల్లో సర్దుకోవచ్చు కానీ ముందైతే జేబులోంచి తీయాలిగా! బావగారు ఆ కాగితం మీద మూడుసార్లు కూడి, మూడుసార్లు నిట్టూర్చారు.

అక్క అసలు బాధ ఆవకాయ. ఇంట్లో వండినవి ఓడలోకి రానివ్వరంటే నమ్మలేదు. ఇస్త్రీపెట్టె, కరెంటు కెటిల్ కూడా కుదరదు. మంటల భయం. సింగపూర్ ఓడల్లో మనవాళ్లు బాగా ఎక్కుతారు కాబట్టి అన్నం, పప్పూ దొరుకుతాయి, బెంగపడక్కర్లేదు.

పాస్‌పోర్టులు తీసి చూస్తే తేలింది అసలు తలనొప్పి. పిల్లలకు పాస్‌పోర్టు పదేళ్లకు కాదు, ఐదేళ్లకే ఇస్తారు. చిన్నదానిది ఇంకో నాలుగు నెలల్లో అయిపోతోంది. ప్రయాణం నాటికి కనీసం ఆరు నెలలైనా గడువు మిగిలి ఉండాలి. పెద్దాడిది ఎప్పుడో అయిపోయింది. పదిహేను దాటిన వాళ్లు కావాలంటే పదేళ్లకూ తీసుకోవచ్చు. ఇంకో సంగతి, సింగపూర్‌లో ఓడెక్కి తిరిగి సింగపూర్‌లోనే దిగుతామంటే ఆ దేశంలోకి రెండుసార్లు వెళ్లినట్టు. వీసా దానికి తగ్గట్టు ఉందో లేదో చూసుకోవాలి. డబ్బు కట్టేశాక పాస్‌పోర్టు తీసి చూసేవాళ్లు మనలో ఎంతమందో!

చిన్నదానికి నెలసరి తేదీల బెంగ. పిన్నిని కాబట్టి నా చెవిలో వేసింది. ఈతకొలను చూస్తూ గట్టున కూర్చోవాలా అని. తేదీలు కాస్త అటూఇటూ చూసుకుని బుక్ చేద్దామన్నా. వాయిదా పడే మాత్రలంటూ పక్కింటివాళ్లు చెప్పేవి మాత్రం వద్దు, అవసరమనుకుంటే డాక్టర్ని అడుగుదామన్నా. ఇంట్లో మగవాళ్లు తేదీలు ఖరారు చేసేటప్పుడు ఈ ఒక్క విషయం ఎందుకో ఎవరికీ తట్టదు.

అసలు సిసలు రచ్చ భోగి ముందురోజు రాత్రి. పెద్దాడు ఒక షరతు పెట్టాడు. రాత్రి పదకొండింటి దాకా తన ఇష్టం వచ్చినట్టు తిరగనిస్తేనే వస్తాడట. లేకపోతే అమ్మమ్మగారింట్లో ఉంటాడట. అక్క ‘తొమ్మిదిన్నర’ అంది. వాడు ‘పదకొండు’ అన్నాడు. బావగారు పదిన్నర దగ్గర తెగ్గొట్టబోయారు. ‘అంత పెద్ద ఓడలో, ముక్కూమొహం తెలియని వాళ్ల మధ్య వాణ్ని ఒంటరిగా ఎట్లా వదులుతానండీ!’ అంది అక్క.

‘జూన్ నుంచి ఒంటరిగానేగా ఉండాల్సింది’ అన్నాడు వాడు.

ఎవరూ మాట్లాడలేదు. చిన్నది టీవీ శబ్దం తగ్గించింది. వాడే మళ్లీ, ‘అక్కడ రాత్రి ఎన్నింటికి పడుకోనిస్తారో నాన్నా?’ అని అడిగాడు. హాస్టల్ గురించి వాడు నోరు విప్పడం అదే మొదటిసారని అక్క తర్వాత చెప్పింది. ఫీజు కట్టేటప్పుడు కూడా ఏమీ అడగలేదట. ఆ రాత్రి ఓడ మాటలు పక్కకెళ్లిపోయాయి. పొద్దున్నే మంటకి లేవాలని తెలిసి కూడా తండ్రీకొడుకులు ఒంటిగంట దాకా వరండాలో కూర్చున్నారు.

మర్నాడు ఒప్పందం కాగితం మీదికెక్కింది. ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించారు. పదిన్నరకల్లా గదిలో ఉండాలి. మధ్యాహ్నం ఒంటిగంటకి, రాత్రి ఎనిమిదికి నలుగురూ ఒకే బల్ల దగ్గర తినాలి, ఫోన్లు లేకుండా. ఫోన్లు పనిచేయకపోవచ్చు కాబట్టి వెతుక్కోవాల్సొస్తే చేరాల్సిన చోటు ఒకటి మొదటిరోజే అనుకోవాలి. తెలియనివాళ్ల గదిలోకి వెళ్లకూడదు. బాల్కనీ కడ్డీల మీదికి ఎక్కకూడదు, సెల్ఫీ కోసమైనా సరే. గది తాళంగా ఇచ్చే కార్డుతోనే ఓడలో కొనుక్కోవచ్చు కాబట్టి దానికి పరిమితి పెట్టించాలి. ఇది బావగారు చేర్చింది. ఆఖర్న చిన్నది తన చేత్తో రాసింది: ‘అమ్మ ఊరికే ఊరికే జాకెట్ వేసుకోమనకూడదు. డ్రిల్ అప్పుడు చాలు.’ అక్క దాని కిందా సంతకం పెట్టింది.

అంతా కుదిరిందనుకున్నాక, ఫిబ్రవరిలో కాలేజీ నుంచి ఫోన్. ఏప్రిల్ మూడో వారం నుంచే బ్రిడ్జి కోర్సు మొదలట. సరిగ్గా మా ఓడ బయల్దేరే వారం! బావగారు అడ్వాన్సు పోతుందని లెక్కలేస్తుంటే అక్క తనే ఆటో ఎక్కి కాలేజీకి వెళ్లింది. వారం రోజులు ఆలస్యంగా పంపుతామని చెప్పింది. ‘మొదటి వారమే పోతే ర్యాంకు మీద పడుతుందమ్మా, మీ ఇష్టం’ అన్నారట అక్కడి సారు. నీళ్ల మీద రానని గిన్నెలు తోముతూ కూర్చున్న మనిషి, ‘ఇష్టమనేగా వచ్చింది, రాసుకోండి’ అని తేదీ వేయించుకుని మరీ వచ్చింది.

పరీక్షలు నడుస్తున్నాయి. పాస్‌పోర్టులు వచ్చాయి. నిన్న ఫోన్ చేస్తే వెనక నుంచి ఈల వినిపించింది. ఏడు చిన్నవి, ఒకటి పొడుగ్గా. టిఫినుకి పిలవడానికి చిన్నది కొత్తగా కనిపెట్టిన పద్ధతట.

‘ముందు ఎవరొస్తున్నారే?’ అన్నా.

‘ఇంకెవరు, పెద్దాడే’ అంది అక్క. ‘చెవుల్లో ఆ వైర్లు పెట్టుకునుంటాడు, ఎట్లా వినబడుతుందో మరి!’