ఐదు నిమిషాల అబద్ధం

తెలుగునాట నిత్యం వినబడే అబద్ధాలలో అగ్రస్థానం దేనికని ఎవరైనా అడిగితే నేను తడుముకోకుండా చెబుతాను: "ఐదు నిమిషాలే కదండీ!" పరాయి ఇంటి గేటుకు అడ్డంగా కారు నిలిపి, అద్దాలెత్తి, తాళం వేసుకుని వెళ్ళిన పెద్దమనిషి తాపీగా తిరిగివచ్చి పలికే మాట ఇది. ఆ ఐదు నిమిషాలు అరగంట కావచ్చు, పెళ్ళిభోజనం ముగిసి తాంబూలం అందుకునేదాకానూ సాగవచ్చు. లోపల చిక్కుబడ్డవాడు మాత్రం ఆ మాటకు చిరునవ్వు నవ్వాలి. నవ్వకపోతే వాడు సర్దుకుపోవడం తెలియనివాడు, తగవులమారి. తప్పు ఒకరిది, సహనపరీక్ష ఇంకొకరికి! ఈ విచిత్రన్యాయం మీదనే నా ఫిర్యాదంతా.

గురజాల వంటి ఊళ్ళలో ఈ సమస్యకు సిద్ధంగా ఉండే సమాధానం ఒకటుంది: "వీధులు ఇరుకు, బళ్ళు ఎక్కువ, ఏం చేస్తాం?" నిజమే. ఎడ్లబండి తిరగడానికి సరిపోయిన వీధులలో నేడు కార్లు, ఆటోలు, ట్రాక్టర్లు తిరుగుతున్నాయి. రెవెన్యూ డివిజను కేంద్రం కనుక కార్యాలయాల పనిమీద చుట్టుపక్కల మండలాలవారు వస్తారు. ముహూర్తాల రోజులలో సంగతి చెప్పనే అక్కరలేదు. చోటు లేదన్న మాట నేను కాదనను. కానీ చోటు లేకపోవడం ఒక్క విషయాన్ని మాత్రం వివరించదు: ఆ కారు అద్దం వెనుక ఫోను నంబరు రాసిన చీటీ ఎందుకు లేదు? చీటీకి గజం స్థలం అక్కరలేదే! చోటు లేక అడ్డం పెట్టినవాడు నంబరు రాసిపెట్టి వెళతాడు. రాయకుండా వెళ్ళినవాడికి కొరవడింది చోటు కాదు, అవతలివాడు కూడా మనిషేనన్న స్పృహ.

హైదరాబాదు అపార్టుమెంట్లలో ఒక చక్కని ఆచారం ఉండేది, అక్కడక్కడ ఇప్పటికీ ఉంది. ఇంకొకరి కారుకు అడ్డంగా నిలపక తప్పకపోతే హ్యాండు బ్రేకు వేయకుండా, గేరు న్యూట్రల్‌లో ఉంచి వెళతారు. అవసరమైనవాడు ఇద్దరిని పిలిచి నెట్టుకుంటాడు. చోటు లేనిచోట కూడా మర్యాదకు చోటుంటుందని చెప్పడానికి ఇంతకంటే నిదర్శనమేం కావాలి? ఆటోమేటిక్ గేరు కార్లు వచ్చాక ఆ సౌలభ్యం తగ్గింది. ఆపి తాళం వేస్తే వాటి చక్రాలు కదలవు. అలాంటి కారుగలవాడు మరింత జాగ్రత్త పడాలి. పడుతున్నాడా?

మన ఊళ్ళలో దీనికి ఇంకొక కోణం ఉంది. అడ్డంగా ఉన్న కారును చూసి జనం మొదట అడిగే ప్రశ్న "ఎందుకు పెట్టారు?" అని కాదు, "ఎవరిది?" అని. కారు వెనుక అద్దంమీద అంటించిన నాయకుడి బొమ్మనుబట్టి, ఇంటిపేరునుబట్టి హారను ఎంత గట్టిగా కొట్టవచ్చో నిర్ణయమవుతుంది. బొమ్మ పెద్దదైతే హారను మూగబోతుంది. చిన్న గుమాస్తా కారయితే పదిమంది చేరి నీతులు చెబుతారు. కాబట్టి ఇది కేవలం పార్కింగు గొడవ కాదు. ఎవరి కాలానికి విలువ ఉంది, ఎవరి కాలానికి లేదు అన్న తగవు. ఆ గేటు వెనుక పురిటినొప్పులు పడుతున్న ఇల్లాలు ఉండవచ్చు, గుండెనొప్పితో ఒక ముసలాయన ఉండవచ్చు. అడ్డం పెట్టినవాడికి ఆ సంగతి తెలియదు. తెలియకపోవడమే వాడి సమర్థన. నేను దాన్నే నేరమంటాను.

చట్టం లేదా అంటే, పుష్కలంగా ఉంది. ఇతరులకు ప్రమాదం, ఆటంకం, అనుచితమైన అసౌకర్యం కలిగేలా బహిరంగ స్థలంలో వాహనాన్ని వదిలిపోరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 122వ సెక్షను చెబుతోంది. 127వ సెక్షను ప్రకారం నిలపకూడని చోట నిలిపిన వాహనాన్ని యూనిఫాములో ఉన్న పోలీసు అధికారి తొలగింపజేయవచ్చు. ఆ ఖర్చు యజమానిదే. రహదారికి అడ్డం పెట్టినందుకు 1860 నాటి శిక్షాస్మృతి 283వ సెక్షను 200 రూపాయల దాకా జరిమానా విధించేది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షనులో అది 5000 దాకా పెరిగింది. జరిమానా పెరిగింది, బాగానే ఉంది. వీధిలో మార్పేమైనా కనబడిందా?

2022 జూన్‌లో కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ, తప్పుగా నిలిపిన వాహనం ఫోటో పంపినవారికి 500 రూపాయలు బహుమతిగా ఇచ్చే చట్టం తెచ్చే యోచన ఉందన్నారు. విని చాలామంది సంతోషించారు. నాకు మాత్రం రుచించలేదు. పొరుగువాడి తప్పుమీద ఆదాయం పెట్టుకున్నవాడు ఆ తప్పు ఆగాలని ఎందుకు కోరుకుంటాడు? జపాను వాళ్ళు 1962లోనే వేరే దారి పట్టారు: కారు నిలుపుకోవడానికి చోటుందని రుజువు చూపించాలని చట్టం చేశారు. కారు కొనేటప్పుడే అడగవలసిన ప్రశ్నను మనం గేటు ముందు నిలబడి అడుగుతున్నాం.

అంతవరకూ చిక్కుకున్నవాడు ఏం చేయాలి? హారను కొట్టాలి. పక్క కొట్లలో విచారించాలి. దగ్గరలో కల్యాణమండపం ఉంటే మైకులో నంబరు చదివించాలి. "ఫలానా నంబరు గల తెల్లకారు యజమాని వెంటనే బయటకు రావలెను" అన్న ప్రకటన మన పెళ్ళిళ్ళలో మంగళవాద్యమంత సహజం. అప్పటికీ రాకపోతే ఫోటో తీసి 112కు ఫోను చేయాలి. టైర్లలో గాలి మాత్రం తీయవద్దు. న్యాయం మీ పక్షాన ఉండగా చేజేతులా ముద్దాయి కావడం ఒక తెలివితక్కువ. గాలి లేని కారు గాలి ఉన్న కారుకంటే ఆలస్యంగా కదులుతుందన్నది మరచిపోవడం ఇంకొకటి! చేయిచేసుకోవడం అసలే వద్దు. పల్నాటిలో చిన్న తగవులు ఎంత దూరం పోగలవో మనకెవరూ కొత్తగా చెప్పనక్కరలేదు.

పల్నాటి యుద్ధానికి కోడిపందెమే కారణమని అందరూ అంటారు. కథను నిదానంగా చూడండి. పందెంలో ఓడిన మలిదేవుడి పక్షం మాటకు కట్టుబడి మాచర్ల విడిచి వెళ్ళింది. గడువు తీరాక తమ భాగం అడిగితే గురజాల కొలువు ఇవ్వనన్నది. కారంపూడి రణభూమికి దారితీసింది ఆ నిరాకరణే. పందెంతో పోయేదాన్ని యుద్ధం చేసింది, గడువు తీరినా ఇతరుల చోటు వదలకపోవడం. కులభేదం లేకుండా అందరినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి చాపకూడు పెట్టిన బ్రహ్మనాయుడి కథ కూడా ఈ నేలదే. రెండూ మనవే. ఏది అనుసరిస్తామన్నదే ప్రశ్న.

నేను కోరేది వీరత్వం కాదు, త్యాగం అసలే కాదు. ఒక తెల్లకాగితం, దానిమీద పది అంకెలు, ఫోను మోగితే భోజనం మధ్యలోనైనా లేచి రాగల సంస్కారం. ఆ మూడూ లేనివాడు ఎంత ఖరీదైన కారు కొన్నా, దాన్ని నిలిపే అర్హత మాత్రం సంపాదించుకోలేదు.

మీరేమంటారు?