మధుమేహ వ్రణము - విద్యుచ్చికిత్స - మన విధి

తోళ్ళ పరిశ్రమకు పేరుపొందిన మన పేర్ణాంబట్టులో ఒక వింత కలదు. దూరదేశముల వారి పాదరక్షలకు కావలసిన తోలును మనము పదునుచేసి పంపుచున్నాము. మన యిండ్లలో మధుమేహముతో బాధపడు అవ్వాతాతలలో పలువురు వట్టికాళ్ళతో తిరుగుచున్నారు. ఈ వ్యాధి ముదిరిన కొలది పాదముల నరములు మొద్దుబారును. ముల్లు గ్రుచ్చుకొన్నను, చెప్పు కరచినను నొప్పి తెలియదు. తెలియనందున ఆ కాలిమీదనే నడతురు, పుండు లోతగును, చీము పట్టును, తుదకు కాలినే తీసివేయవలసి వచ్చును.

ఇట్టి పుండ్లకు విద్యుత్తుతో చికిత్స కలదని నేడు వినుచున్నాము. అది కట్టుకథ కాదు. మన చర్మమునకు సహజముగనే స్వల్పమైన విద్యుచ్ఛక్తి కలదు. 1843లో జర్మనీ శాస్త్రజ్ఞుడు ఎమిల్ దు బోయ్-రేమాండ్ తన వ్రేలి గాయమునుండి విద్యుత్తు ప్రవహించుటను కనుగొనెను. ఆ ప్రవాహము చూపిన దారిని కణములు గాయమువైపు కదలి దానిని పూడ్చుటకు తోడ్పడును. పుండు చెంత పలకల నుంచి వైద్యులు పంపు కొద్దిపాటి విద్యుత్తు ఈ ప్రకృతి కార్యమునకు సాయము చేయుటకే. కొన్ని పరిశోధనలలో పుండు త్వరగా మానినట్లు కనిపించినది. అయినను మధుమేహ పాదమును గూర్చిన అంతర్జాతీయ నిపుణుల బృందము 2019లో, మంచి సాధారణ చికిత్సను కాదని దీనిని ఎంచుకొనవలదని సూచించినది.

కావున నా అభిప్రాయ మిది: పాదమును చూచుట ముందు, యంత్రము తరువాత. ఈ పాఠమును లోకమునకు నేర్పినది మన పొరుగుననున్న వేలూరే. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్, కుష్ఠురోగుల పాదములు పుండ్లగుటకు మూలమును వెదకిరి. నొప్పి తెలియక ఒకేచోట మరల మరల పడు ఒత్తిడియే కారణమని గ్రహించిరి. వేలూరులోను, 1955లో నెలకొన్న కరిగిరి కుష్ఠువ్యాధి పరిశోధన కేంద్రములోను అట్టివారికై మెత్తని రబ్బరు అట్ట వేసిన చెప్పులు తయారైనవి. 1966లో వారు అమెరికాలోని కార్విల్‌కు వెళ్ళిన పిదప అదే జ్ఞానము మధుమేహ రోగుల పాదములను కాపాడుటకు ఉపకరించినది. పుండుపై భారము తొలగించుట, చీమును అణచుట, రక్తప్రసారమును పరీక్షించుట, చక్కెరను అదుపులో నుంచుట - ఇవి లేనిచో ఏ విద్యుత్తును పుండును మాన్పజాలదు.

విద్యార్థులారా! ఆసుపత్రి చీటీ తమిళములోనో ఇంగ్లీషులోనో యుండును. దానిని అవ్వకు తెలుగున విప్పి చెప్పుట మీ చదువునకు తగిన పని. ప్రతిరాత్రి వారి అరికాళ్ళను, వ్రేళ్ళ సందులను దీపపు వెలుగున చూడుడు. ఎఱ్ఱదనము, బొబ్బ, పగులు కనిపించిన మరునాడే వైద్యుని చెంతకు తోడ్కొని పొండు. పుండుపై కాఫీపొడి అద్దనీయకుడు. వేడినీటి కాపడము పెట్టనీయకుడు. మొద్దుబారిన కాలికి కాలుట తెలియదు.

తల్లిదండ్రులారా! పండుగకు క్రొత్తబట్టలు కొనునపుడు ఇంటి పెద్దలకు కొలతకు తగిన మెత్తని చెప్పులజత కూడ కొనుడు. ఊరి తోలు లోకమున కెల్ల రక్షయైనప్పుడు, మన పెద్దల పాదములు రక్షణలేక యుండుట మనకు తగదు.